ఆపదవేళ పలుకవలసిన మాట

మన పాఠశాల గంటకు ఒక భాష కలదు. ఒక్క దెబ్బ కొట్టినచో ఒక పీరియడు ముగిసినదని అర్థము. ఎడతెగక గణగణ మ్రోగినచో ఇండ్లకు పోవచ్చునని అర్థము. ఈ యర్థములు ఏ నిఘంటువునందును లేవు. అయినను క్రొత్తగా చేరిన బాలుడు వారము తిరుగకముందే వానిని నేర్చుకొనును. ఏలయన, గంట కొట్టు నౌకరును దానిని విను పిల్లలును ఒకే యొడంబడికకు లోబడియున్నారు. ఒకనాడు క్రొత్త నౌకరు పొరపాటున రెండవ పీరియడు చివరనే ఎడతెగక గంట కొట్టగా, పుస్తకములు చంకనిడుకొని పిల్లలందఱు గేటు దాక పరుగిడిరి. ఆనాడు మేమందఱము నవ్వుకొంటిమి. కాని అట్టి పొరపాటు అగ్నిప్రమాదవేళ జరిగినచో నవ్వువారుండరు.

అగ్నిమాపక దళమునకును అంబులెన్సునకును మనము వార్త పంపు విధమును గూర్చియు, ఆ దళములవారు తమలో తాము వైర్‌లెస్సుమీద మాటలాడుకొను విధమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము. ఇది పోలీసులకును ఇంజనీర్లకును సంబంధించిన సంగతి గాని మనకేల యని కొందఱు తలంపవచ్చును. అట్లు తలంచుటయే తప్పని నా యభిప్రాయము.

కొన్ని సంవత్సరముల క్రిందట, పరీక్షల కాలమున, నేనెఱిగిన యొక పేటలో మిట్టమధ్యాహ్నము తాటాకు పాకలు అంటుకొన్నవి. ఒక కుఱ్ఱవాడు టెలిఫోను తీసి, “మా పేట తగలబడిపోతోందండీ, తొందరగా రండి!” అని కేకవేసెను. “ఏ పేట బాబూ?” అని అవతలివారడుగగా పేట పేరొక్కటి చెప్పి కట్టివేసెను. ఫైరింజను వెంటనే బయలుదేఱినది. కాని అదే పేరు గల మఱియొక పేటకు పోయినది. దారి సరిచేసికొని వచ్చునప్పటికి పదునొకండు పాకలు బూడిదయైనవి. ప్రాణహాని కలుగలేదు. కాని ఒక పాకలో, మఱునాడు పరీక్షకు పోవలసిన బాలిక పుస్తకములన్నియు హాలుటిక్కెట్టుతో సహా కాలిపోయినవి. నేను ఆ కుఱ్ఱవానిని నిందింపను. ఫైరింజనువారిని అంతకన్న నిందింపను. ఆ కుఱ్ఱవానికి మావంటి ఉపాధ్యాయులము బీజగణితము నేర్పితిమి, ఛందస్సు నేర్పితిమి. ఆపదలో నాలుగు మాటలు ఎట్లు చెప్పవలెనో నేర్పలేదు. తప్పు మాది.

ఆపద వార్తకు ప్రత్యేకమైన త్రోవ యుండవలెనను జ్ఞానము లోకమునకు సులభముగా కలుగలేదు. 1935 నవంబరు 10వ తేదీన లండను నగరమున వింపోల్ వీధిలోని యొక గృహము అంటుకొని ఐదుగురు స్త్రీలు మరణించిరి. పొరుగువాడొకడు టెలిఫోను చేసినను, సామాన్యపు పిలుపులతో పాటు అతడును ఎక్స్ఛేంజిలో కాచుకొనవలసి వచ్చెను. ఆ సంగతి నతడు పత్రికకు వ్రాసెను, విచారణ జరిగెను, తుదకు 1937 జూను 30వ తేదీన 999 అను ఆపత్సంఖ్య అచట ఏర్పడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15వ తేదీన 108 అంబులెన్సు సేవ హైదరాబాదునందు ప్రారంభమై పిదప పల్లెపల్లెకు వ్యాపించినది. అగ్నిప్రమాదమునకు 101 కలదు. అన్ని యాపదలకు ఒక్కటే సంఖ్యగా 112 కలదు. ఈ సంఖ్యలు మన పిల్లలకు కంఠస్థములే. కాని సంఖ్య తలుపువంటిది. తలుపు తట్టిన పిమ్మట ఏమి పలుకవలెనన్నది వేఱొక విద్య.

పిలుపు నందుకొన్నవారు బండ్లతో మాటలాడుటకు వైర్‌లెస్సు ఏర్పడినది. తొలినాళ్లలో అందఱకు ఒక్కటే త్రోవ. ఒకరు పలుకునప్పుడు తక్కినవారు మౌనము వహింపవలెను. ఆ యిఱుకునుండి పుట్టినవే సంకేతసంఖ్యలు. 1937లో అమెరికాయందు ఇలినాయి రాష్ట్ర పోలీసుశాఖకు చెందిన చార్లెస్ హాపర్ అను నాతడు వానిని కల్పించెను. “పది–నాలుగు” అనినచో “మీ మాట అందినది” అని యర్థము. నాలుగునకు ముందు పది యేల? ఆ కాలపు యంత్రములు మీట నొక్కిన తక్షణము పూర్తి బలముతో పలికెడివి కావు. తొలి శబ్దమును మ్రింగివేసెడివి. యంత్రము మ్రింగుటకై యొక మాటను ముందు వేసి, అసలు మాటను వెనుక నుంచిరి. ఆ యుపాయము మిక్కిలి తెలివైనది.

అయినను కాలక్రమమున ఒక్కొక్క పట్టణము ఆ సంఖ్యలకు తనకు తోచిన యర్థములను కూర్చుకొనెను. ఒకే సంఖ్యకు ఒకచోట ఒక యర్థము, పొరుగున మఱియొక యర్థము. ఎవరి యూరిలో వారున్నంతకాలము చిక్కు లేదు. గొప్ప విపత్తు వచ్చి పలుచోట్ల దళములు ఒక్కచోట చేరినప్పుడే చిక్కు. 2001 సెప్టెంబరు 11నాటి దాడులును, 2005లో వచ్చిన కత్రీనా తుపానును చూచిన పిమ్మట, పలు శాఖలు కలిసి పనిచేయునప్పుడు సంకేతములు విడిచి సాదా మాటలే వాడవలెనని అమెరికా ప్రభుత్వము 2006 నుండి నియమించినది. సంఖ్యలను పుట్టించిన దేశమే సాదా మాటకు మరలివచ్చినదని మనము గుర్తింపవలెను.

అట్లని సంకేతములన్నియు వ్యర్థములని నేననను. మన గోదావరి సీమకు సంకేతములు క్రొత్తవి కావు. ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. “రెండవ హెచ్చరిక యెగురవేసినారు” అన్న మాట చెవిని పడిన వెంటనే లంకలోని ముదుసలి సయితము పశువులను మెరకకు తోలించును. ఆమెకు చదువు రాకపోవచ్చును. ఆ సంకేతము వచ్చును. కాకినాడ రేవునందు తుపాను సూచనలకు ఒకటి మొదలు పదునొకండు వఱకు సంఖ్యలు కలవు. అందు పదునొకండవ దానికి, వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధమే తెగిపోయినదని యర్థము. వార్త అందకపోవుట కూడ ఒక పెద్ద ప్రమాదమని మన పెద్దలు గ్రహించి దానికొక సంఖ్య నిచ్చిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమమీద విఱుచుకుపడిన తుపానును చూచినవారికి ఆ సంఖ్య విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

సంకేతము చూపకపోవుటవలని కీడు నెఱుగుటకు బొంబాయి రేవును తలంచుకొనవలెను. 1944 ఏప్రిలు 14వ తేదీన ఫోర్ట్ స్టికిన్ అను నోడ ప్రేలుడు సామగ్రితో నచట నుండి అంటుకొన్నది. అట్టి సరకు గల యోడ ఎఱ్ఱజెండా నెత్తవలసియుండగా దానిమీద జెండా లేదు. ఓడ ప్రేలినప్పుడు మరణించిన యనేకులలో అగ్నిమాపక సిబ్బంది అరువదిమందికి పైగా నుండిరి. ఏటేట ఏప్రిలు 14 మొదలు 20 వఱకు మనము జరుపుకొను అగ్నిమాపక వారోత్సవము వారి స్మృతికే.

కావున సంకేతములు కొద్దిగా నుండవలెను. అవి అందఱకు తెలిసియుండవలెను. తక్కినదంతయు సాదా తెలుగున నుండవలెను. ఒక శాఖవారు తమ లోపల ఏ సంఖ్యలు వాడుకొన్నను మనకు పట్టింపు లేదు. కాని ఫైరింజనును, అంబులెన్సును, పోలీసులును ఒక్క వరదగట్టుమీద కలిసికొన్ననాడు, ఒకరి మాట వేఱొకరికి అనువాదము లేకయే అర్థము కావలెను.

ఇంక మన సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. అది ఊళ్ల పేర్ల చిక్కు. కోనసీమలో ఐ. పోలవరము కలదు, రాజమహేంద్రవరమునకు ఎగువను ప్రాజెక్టు గల పోలవరము కలదు. ఒకటి సముద్రమునకు చేరువ, రెండవది కొండలకు చేరువ. పి. గన్నవరము మనది, కృష్ణాజిల్లాలో మఱియొక గన్నవరము కలదు. ఆ ముందున్న ఒక్క యక్షరమును మ్రింగినచో బండి యే జిల్లాకు పోవునో చెప్పలేము. రాజోలు, రాజవోలు వేఱువేఱు. పశ్చిమగోదావరిలోని పెనుగొండకును రాయలసీమలోని పెనుకొండకును భేదము ఒక్క హల్లు మాత్రమే. పిలుపు నందుకొనువారు మన యూరివారు కారు. రాష్ట్రమంతటి పిలుపులు వారి చెవిని పడును. కొత్తపేటలెన్ని, రామాలయపు వీధులెన్ని! పైగా 2022 ఏప్రిలులో జిల్లాలు క్రొత్తగా విభజింపబడినను, అమలాపురమువారు కొందఱు ఇప్పటికిని అలవాటుచొప్పున తూర్పుగోదావరి అనియే చెప్పుదురు.

సంఖ్యలను పలుకుటయందును జాగ్రత్త వలయును. మూడు, ఏడు అను మాటల తోక యొక్కటే. గాలి హోరులో వినువానికి తోక మాత్రమే చేరును. విమానములవారు ఈ బాధనెఱిగియే ఆంగ్లమున తొమ్మిదిని “నైనర్” అని సాగదీసి పలుకుదురు. మనము అంతదూరము పోనక్కఱలేదు. టెలిఫోను నంబరును ఒక్కొక్క యంకెగా మెల్లగా రెండుమార్లు చెప్పి, అవతలివారిచేత తిరుగ చెప్పించుకొనిన చాలును. తిరుగ చెప్పించుకొనుటయే వైర్‌లెస్సు మర్యాదలన్నిటిలో గొప్పది. చలనచిత్రములలో “ఓవర్ అండ్ అవుట్” అని పలుకుట మన పిల్లలకు సరదా. “ఓవర్” అనగా నా మాట యైనది, మీరు పలుకుడని. “అవుట్” అనగా ఇంక సంభాషణ ముగిసినదని. రెండును ఒక్కసారి పలుకుట, అతిథికి పీట వేసి తలుపు మూయుటవంటిది.

విద్యార్థులారా! ఆపదవేళ చెప్పవలసిన వార్తకు ఐదు అంగములు కలవు. మొదటిది ఎక్కడ: ఊరు, మండలము, జిల్లా, దగ్గఱనున్న గుడియో బడియో వంతెనయో లాకో. రెండవది ఏమి: గడ్డివామియా, పాకయా, గ్యాసా, కాలువలో పడిన బండియా. మూడవది ఎందఱు: ఎందఱికి దెబ్బ తగిలినది, వారికి తెలివి యున్నదా లేదా. నాలుగవది దారి: బండి ఎంతదూరము రాగలదు, రేవు దాటవలెనా. ఐదవది మీ పేరును నంబరును. “ఎక్కడ” యన్నదే మొదట నుండవలెను. నడుమ లైను తెగిపోయినను, చోటు తెలిసినచో బండి బయలుదేఱును. చోటు తెలియనిచో తక్కిన నాలుగును వ్యర్థములు. “ఏమి” యన్నదియు తేలిక కాదు. 2014 జూన్ 27వ తేదీన తెల్లవాఱుజామున మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున గ్యాసుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. గొట్టములు పాఱిన సీమలో గ్యాసు వాసనకును గడ్డి పొగకును భేదము చెప్పవలెను. ఆ మాటనుబట్టియే వచ్చువారు తమ సామగ్రిని సిద్ధపఱచుకొందురు. చివరకు, అవతలివారు “ఇంక చాలును” అనువఱకు టెలిఫోను కట్టివేయరాదు.

“నేడు టెలిఫోను ఎక్కడనున్నదో యంత్రమే చెప్పుచున్నదిగదా, ఈ పాఠములేల?” యని కొందఱు తండ్రులు నన్నడిగిరి. యంత్రము మేలే చేయుచున్నది. కాని పటముమీది చుక్కకు గోదావరి పాయ యొక సన్నని గీత. అంబులెన్సు ఆ చుక్కకు ఎదురుగా, పాయకు ఇవతలి గట్టున వచ్చి నిలుచును. రోగి అవతలి లంకలో నుండును. “రేవు దాటవలెను, మా పడవ ఇవతలి యొడ్డున సిద్ధముగా నుండును” అను ముక్క యంత్రము చెప్పదు. మనిషి చెప్పవలెను.

నా కోరికలు మూడు. పాఠశాలలో నెలకొకసారి ఒక గంటసేపు ఈ యభ్యాసము జరుగవలెను: ఇద్దఱు పిల్లలు వెన్నుకు వెన్ను ఆనించి కూర్చుండవలెను, ఒకడు కల్పిత ప్రమాదమును చెప్పవలెను, రెండవవాడు వ్రాసికొని తిరుగ చదువవలెను, తప్పులు లెక్కింపవలెను. తలిదండ్రులు ఇంటి తలుపు వెనుక ఊరు, మండలము, జిల్లా, ఆనవాలు, దారి వ్రాసిన చీటి నంటింపవలెను. కంగారుపడినవానికి సొంత యూరి పేరు కూడ నోట రాదు. గ్రామ పెద్దలు ప్రతి రేవునకును, వంతెనకును, లాకునకును పెద్ద యక్షరములతో పేరు వ్రాయింపవలెను. ఈ మూడింటికి నగు వ్యయము ఒక వార్షికోత్సవపు తోరణముల పాటి కాదు.

పుస్తకములు కాలిపోయిన ఆ బాలిక పరీక్ష వ్రాసినది. హాలుటిక్కెట్టు మరల ఇప్పించితిమి. తోడి బాలికలు రాత్రికిరాత్రి తమ నోట్సులు తెచ్చి యిచ్చిరి. ఇపుడామె మన యభ్యాసమునందు పిల్లలకు వార్త చెప్పుట నేర్పుటకు రాగలనని కబురంపినది. ఆమె మొదట ఏమి నేర్పునో నేను చెప్పనక్కఱలేదు. ఊరి పేరు, మండలము పేరు, జిల్లా పేరు.