పేపర్ కాదు, ప్రశ్నలు మార్చండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో క్లాసికల్ మెకానిక్స్ పేపర్ ఇక అనవసరమన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. కప్పీలు, వాలుతలాల లెక్కలు ఇంటర్‌తోనే అయిపోయాయన్నారు రచయిత. నిజమే, కానీ ఎమ్మెస్సీలో చెప్పేది అది కాదు. ఒక్కో బలాన్నీ వెతుక్కునే పని లేకుండా, గతిజశక్తిలోంచి స్థితిజశక్తిని తీసేసి చలన సమీకరణాలు రాబట్టే లగ్రాంజ్ పద్ధతి అక్కడే వస్తుంది. హామిల్టోనియన్ అంటే తెలియనివారికి ష్రోడింగర్ సమీకరణం ఉత్త గుర్తుల వరస. క్లాసికల్ మెకానిక్స్‌లోని పాయిజాన్ బ్రాకెట్లకూ క్వాంటం కమ్యుటేటర్లకూ ఉన్న పోలికను 1925లో డిరాక్ పట్టుకున్నాడు. 2024 జనవరిలో మన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక చేరిన కక్ష్య, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని లగ్రాంజ్ బిందువు చుట్టూ ఉన్నదే; ఆ లెక్కా క్లాసికల్ మెకానిక్సే.

బోధన మీద ఆ వ్యాస రచయిత ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. ఏటా అవే డెరివేషన్లు అడుగుతుంటే విద్యార్థి బట్టీ పట్టక ఏం చేస్తాడు? దానికి మందు పేపర్ ఎత్తేయడం కాదు. జంట లోలకానికి సమీకరణాలు రాయించి, కంప్యూటర్‌లో నడిపించండి. మొదటి కోణం రవ్వంత మారితే చలనం ఎంత తారుమారవుతుందో విద్యార్థినే వివరించమనండి. అలాంటి ప్రశ్నకు గైడు పుస్తకం పనికిరాదు.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, కాకినాడ