పంపు పీకేస్తే పికప్ వస్తుందా?

"పవర్ స్టీరింగ్ పంపు పీకేసి చిన్న బెల్టు వేస్తే ఇంజన్ తేలికవుతుంది రా!" పాత హైడ్రాలిక్ స్టీరింగ్ కార్లున్న ఫ్రెండ్స్ నోట ఈ మాట తరచూ వింటున్నా. కొంత నిజమే, పంపు తిరిగేది ఇంజన్ బలంతోనే. కానీ లెక్క అక్కడితో ఆగదు.

చాలా కార్లలో అదే బెల్టు ఆల్టర్నేటర్‌నీ, వాటర్ పంపునీ కూడా తిప్పుతుంది. పంపు తీస్తే బెల్టు దారి మారి, మిగతా పుల్లీలను చుట్టుకునే కోణం తగ్గొచ్చు. మనం పరీక్షకు బట్టీ పట్టిన సూత్రమే చూడండి. ఫ్లాట్ బెల్టుకి ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, బిగువు వైపు, వదులు వైపు లాగుడుల నిష్పత్తి 180 డిగ్రీలకు 2.57 దాకా పోతుంది, 120 డిగ్రీలకు 1.87 దగ్గరే ఆగుతుంది. అది దాటితే బెల్టు జారుతుంది. ఛార్జింగ్ తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

ఇక స్టీరింగ్. వేగంలో బరువు అంతగా తెలియదు. జడ్చర్లలో 44వ నంబరు హైవే దిగి, లారీల మధ్య నెమ్మదిగా కల్వకుర్తి రోడ్డుకు తిప్పేటప్పుడు తెలుస్తుంది. ఆ కారు మనమే కాదు, ఇంట్లో అమ్మానాన్నలూ నడుపుతారు.

ప్రయోగాలు వద్దనను. విప్పకుండా మెకానికల్ ఎలా వస్తుంది? వర్క్‌షాప్‌లో పాత ఇంజన్ మీద చేద్దాం. ముందు బెల్టు దారి కాగితం మీద గీసి, కోణాలు లెక్కేయండి. తర్వాత స్పానర్ నేనే తెస్తా.