ఫీల్డ్ ట్రిప్ విహారయాత్ర కాదు

డిగ్రీ రెండో సంవత్సరంలో నేనొక అబద్ధం చెప్పాను. జియాలజీ ఫీల్డ్ ట్రిప్‌కు 2,800 రూపాయలు కట్టమన్నారు. నాయన బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనిలో కూలి. ఇంట్లో అప్పటికే అప్పు ఉంది. అడగడానికి నోరు రాలేదు. "జ్వరం సార్, రాలేను" అన్నాను. ఆ వారం మా క్లాసులో మరో ముగ్గురికి కూడా జ్వరం వచ్చింది. నలుగురం హాస్టల్ పిల్లలమే!

ట్రిప్ నుంచి వచ్చినవాళ్ల రికార్డు చూసి మ్యాప్ గీశాను. చూడని కొండకు గీసిన మ్యాప్ అది. మార్కులు వచ్చాయి గానీ చదువు రాలేదు. ఆ సంగతి పీజీలో చేరాకే తెలిసింది.

పీజీ మొదటి సంవత్సరంలో ఎనిమిది రోజుల ట్రిప్‌కు 6,500 అన్నారు. మళ్లీ జ్వరం తెచ్చుకుందామనుకున్నాను. నా రూమ్మేట్ ఊరుకోలేదు. హాస్టల్లో అన్నలు, తమ్ముళ్లు తలా వంద, యాభై వేశారు. కబడ్డీ ఆడే తమ్ముడొకడు తన బూట్లు ఇచ్చాడు. ఒక సైజు పెద్దవి. ముందు గుడ్డ కుక్కి వేసుకున్నాను.

వేంపల్లె దగ్గర మొదటి రోజే నా పుస్తకజ్ఞానం తేలిపోయింది. రాతి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే పొంగలేదు. సున్నపురాయి కాదని రాసేశాను. సారు నవ్వి, అదే రాయిని కత్తితో గీకి, ఆ పొడి మీద వేయమన్నారు. బుసబుసా పొంగింది. అది డోలమైట్. డోలమైట్ పొడి అయితేనే బాగా పొంగుతుందని నేను పరీక్షలో రెండుసార్లు రాశాను, కానీ కంటితో చూడలేదు. ఆ రాళ్లలోనే ఉల్లిగడ్డ పొరల్లాంటి గీతలు చూపించారు. స్ట్రోమటోలైట్లు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, సూక్ష్మజీవులు కట్టుకున్న పొరలు.

ఆ తరువాత గండికోటలో పెన్నా కోసిన లోయ, బెలుం గుహలు, తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు కలిసేచోటు చూశాం. ఆ రెంటి మధ్య కోట్లాది సంవత్సరాల చరిత్ర లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఎన్నోసార్లు దాటిపోయిన చోటే అది. మన శిలల పేర్లు కూడా మన ఊళ్లవే: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, నార్జి, బనగానపల్లె, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ప్రపంచంలో ఎక్కడ కడప బేసిన్ గురించి చదివినా ఈ పేర్లతోనే చదవాలి.

చివరి రోజుల్లో ఒక నాపరాళ్ల గనికి పోయాం. డిప్, స్ట్రైక్ కొలవమన్నారు. క్లైనోమీటర్ పెట్టకముందే పొర ఎటు వాలిందో నేను చెప్పాను. ఎలా తెలిసిందని సారు అడిగారు. మా నాయన ఇదే పని చేస్తాడని అందరి ముందూ మొదటిసారి చెప్పాను. సెలవుల్లో ఇంటికి పోయి నాయనకు బెడ్డింగ్ ప్లేన్ గురించి వివరించబోయాను. "పేరేదైనా కానీలేరా, పొర చూడకుండా సుత్తె వేస్తే బండ పగుల్తాది, పలక రాదు" అన్నాడు. నేను రెండు సెమిస్టర్లు చదివింది ఆయన చేతుల్లో ముప్పై ఏళ్లుగా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రభుత్వం ఫీజు కడుతోంది, హాస్టల్లో అన్నం పెడుతోంది, ఇంకా ఏం కావాలని కొందరంటారు. ఆ రెండూ లేకపోతే నేను కూడా గనిలోనే ఉండేవాణ్ణి, కాదనను. కానీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆమ్లానికి విద్యార్థి దగ్గర విడిగా డబ్బు వసూలు చేస్తే ఒప్పుకుంటామా? జియాలజీకి కొండే ల్యాబ్. సిలబస్‌లో ఉన్నదానికి, మార్కులున్నదానికి అయ్యే ఖర్చును విహారయాత్ర ఖర్చు అనడం న్యాయం కాదు. ఫీల్డ్ ట్రిప్ ఖర్చును కూడా స్కాలర్‌షిప్‌లో చేర్చాలి. అది జరిగేదాకా కాలేజీలు ఎంత కట్టాలో సంవత్సరం మొదట్లోనే చెప్పి, వాయిదాల్లో కట్టనివ్వాలి. దూరం పోలేకపోతే దగ్గరి గనులకైనా తీసుకుపోవాలి. రాయలసీమలో రాళ్లకు కరువా?

ఈ చదువుతో ఉద్యోగాలూ ఉన్నాయి. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు పోస్టులకు యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది. కానీ కొండ ఎక్కనివాడు జియాలజిస్టు ఎలా అవుతాడు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డబ్బు లేదని చెప్పడం సిగ్గు కాదు. ఆ రోజు నేను జ్వరమని చెప్పాను కాబట్టే, డబ్బు లేక నలుగురు ఆగిపోయారని మా సారుకు తెలియలేదు. తెలిస్తే ఏదైనా చేసేవారేమో. మనం దాచుకున్నంతకాలం ఈ కష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ ఏడాదితో నేను హాస్టల్ వదిలి వెళ్తున్నాను. నా సుత్తె, లెన్సు, ఒక జత బూట్లు వార్డెన్ గారికి అప్పగిస్తున్నాను. బూట్లు తొమ్మిదో నంబరు. పెద్దవైతే ముందు గుడ్డ కుక్కుకోండి. ట్రిప్ మాత్రం మానొద్దు.