కల, తల, ఒక నోటుబుక్కు

మూడో తరగతి పిల్లాడు. "రాత్రి ఎవరికేం కల వచ్చింది?" అని టీచరు అడిగితే ఉత్సాహంగా లేచి, "నాకు మంచి తల వచ్చింది టీచర్" అన్నాడట. క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి క్లాసులో నోరు విప్పడం మానేశాడు. స్పీచ్ థెరపీకని నా దగ్గరికి పంపింది అప్పుడే.

వాడికి 'క' పలకదు. కాకి తాతి అవుతుంది, మేక మేత అవుతుంది. క అనాలంటే నాలుక వెనక భాగం లేచి అంగిలికి తగలాలి. వీడికి నాలుక కొన ముందు పళ్ల వెనక తగులుతోంది. అప్పుడొచ్చేది త. "పెద్దయితే అదే వస్తుందిలెండి" అంటారు చాలామంది. 'ర' లాంటివి కాస్త ఆలస్యమవుతాయి, నిజమే. కానీ 'క' నాలుగేళ్లకల్లా వచ్చేయాలి. ఎనిమిదేళ్లొచ్చాక ఇంకా చూద్దాం అనుకోకూడదు. ముందు వినికిడి పరీక్ష చేయించాం. చెవులు బాగానే ఉన్నాయి.

నేను ఆ స్కూలుకి వెళ్లేది వారానికి ఒక్కరోజు. వాడికి దొరికేది అరగంట. మిగతా ఆరు రోజులూ ఇంట్లో సాధన చేయాలి కదా, అందుకని ఒక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చాను. తేదీ వేసి, ఇరవై మాటలు రాసి, ఎన్ని సరిగ్గా అన్నాడో కింద ఎర్ర పెన్నుతో వేసేదాన్ని. ఇరవైకి ఆరు. ఇరవైకి ఏడు. నాకది లెక్క కోసం.

మూడో వారం నోటుబుక్కు రాలేదు. "పోయింది" అన్నాడు. వాళ్లమ్మకి ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. వాళ్ల నాన్న ఆ అంకెల్ని మార్కులనుకుని, రోజూ రాత్రి కూర్చోబెట్టి కాకి అని వంద సార్లు అనిపిస్తున్నాడు. తప్పినప్పుడల్లా ఒక మొట్టికాయ. పుస్తకం బియ్యం డబ్బా వెనక దొరికింది. దాచింది పిల్లాడే. తప్పు వాళ్లది కాదు, నాది. ఇంటికెళ్లే పుస్తకంలో ప్రోగ్రెస్ రిపోర్టు రాసింది నేనే కదా!

లెక్కలు ఇప్పుడు నా దగ్గరున్న డైరీలోనే. వాడి పుస్తకంలో ఎడమ పేజీలో జంట బొమ్మలు వేస్తాం: కల-తల, మేక-మేత. ఆట ఏమిటంటే, వాడు ఏది అంటే అమ్మ ఆ బొమ్మ మీద వేలు పెట్టాలి. మేక అనబోయి మేత అంటే వేలు గడ్డి మీద పడుతుంది. "అది కాదమ్మా!" అని వాడే దిద్దుకోవాలి. ఎవరూ "తప్పు" అనక్కర్లేదు. ఐదు నిమిషాలు చాలు, అన్నం తినే ముందో తర్వాతో. కుడి పేజీ ఇంటివాళ్లది. వాడు బాగా అన్న మాట ఒక్కటి రాయమన్నాను. వాళ్లమ్మకి రాయడం అంతగా రాదు, బొమ్మ గీసినా సరే అన్నాను. మొదటి వారం ఒక కోడి గీసింది. నిజం చెప్పాలంటే బాతులా ఉంది. పక్కనే వాళ్ల నాన్న రాత: "కోడి అని రెండు సార్లు అన్నాడు."

క్లాసు టీచరుకీ పుస్తకం చూపించి ఒక్కటే అడిగాను. అందరి ముందూ దిద్దొద్దని.

పోయిన వారం పుస్తకం తెరిస్తే నేను ఇవ్వని జంట ఒకటి ఉంది, పిల్లాడి చేతిరాతతో: పాక, పాత. పక్కన తాటాకుల పాకా, చిరిగిన చెప్పూ గీశాడు. "ఇప్పుడు వేలు మీరు పెట్టండి మేడమ్" అని పుస్తకం నా ముందుకి తోశాడు.