ఒకే తాళం, అనేక గదులు

మధుమేహమనగానే ఇన్సులిన్ లేకపోవడమని అనుకోవడం పరిపాటి. కాని రెండవ రకం మధుమేహపు తొలిదశలో రక్తంలో ఇన్సులిన్ కావలసినంత, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఉంటుంది. లోపం చాలవరకు దానిని అందుకునే చోట ఉన్నది. కణత్వచం మీద ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రోటీనుకు గ్రాహకం, అనగా రిసెప్టర్, అని పేరు. ఇన్సులిన్ తాకగానే అది లోపలికి కబురు పంపుతుంది. ఆ కబురు దారిలో మందగిస్తే కండరకణం చక్కెరను లోనికి రానీయదు.

గ్రాహకాన్ని తాళంతోను, మందును తాళంచెవితోను పోల్చడం వైద్యులకు అలవాటు. పోలిక అందమైనదే గాని అసంపూర్ణం. గ్లిటజోనుల చరిత్రే అందుకు సాక్ష్యం. 1980 దశకం ఆరంభంలో జపానుకు చెందిన టకేడా సంస్థ సిగ్లిటజోనును రూపొందించినప్పుడు అది ఎక్కడ పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. తాళంచెవి చేతికి వచ్చిన పదేళ్లు దాటాక, 1995లో గాని దాని తాళం పీపార్-గామా అనే గ్రాహకమని తేలలేదు. ఇది కణత్వచం మీద కాక కేంద్రకంలో ఉండి నేరుగా జన్యువుల పనిని శాసిస్తుంది. పైగా కొవ్వుకణంలోనే కాక మూత్రపిండంలోను, ఎముకలోను కూడ ఉన్నది. కనుక కొవ్వుకణాన్ని చక్కబెట్టే మందే ఉప్పునూ నీటినీ నిలిపి కాళ్లవాపు తెస్తుంది, ఎముకను బలహీనపరుస్తుంది. వీటిని దుష్ఫలితాలనడం వాడుక. నిజానికి ఇవన్నీ ఒకే తాళం తెరచిన వేర్వేరు గదులు.

ఈ కథలో హైదరాబాదుకూ పాత్ర ఉన్నది. డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు కనుగొన్న బాలగ్లిటజోనును 1997లో డెన్మార్కుకు చెందిన నోవో నార్డిస్క్ ఒప్పందంపై స్వీకరించింది. భారతీయ సంస్థ కనుగొన్న కొత్త ఔషధాణువు ఇలా విదేశీ సంస్థ చేతికి వెళ్లడం అదే మొదలని చెబుతారు. దాని తరువాతి రాగాగ్లిటజార్ రెండు పీపార్ గ్రాహకాలను ఒకేసారి తాకే మందు. 2002లో ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించడంతో మనుషులపై పరీక్షలు ఆపివేశారు. దానిని హైదరాబాదు ఓటమిగా భావించినవారు కలరు. అది అన్యాయమైన తీర్పు. ఎలుక చెప్పిన మాట విని ఆగినందువల్ల ఎందరో రోగులు ఆ ప్రమాదానికి దూరంగా ఉండిపోయారు.

రోసిగ్లిటజోను విషయంలో ఆ మెలకువ ఆలస్యంగా వచ్చింది. చక్కెర తగ్గుతున్నదన్న సంతృప్తితో ఏళ్ల తరబడి వాడాక, 2007లో గుండెపోటు శంక తలెత్తింది. కొత్త మధుమేహ ఔషధం గుండెకు హాని చేయదని రుజువు చూపాలని 2008లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ కోరింది. విచిత్రమేమంటే, హాని లేదని చూపడానికి జరిపిన పరీక్షల్లోనే కొన్ని మందులు గుండెకు మేలు చేస్తాయని బయటపడింది. 2016లో లిరాగ్లూటైడు విషయంలో జరిగినది అదే.

లిరాగ్లూటైడు తాకే గ్రాహకం జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోనుది. సహజమైన ఆ హార్మోను రెండు నిమిషాలలో సగానికి తరిగిపోతుంది. 1992లో జాన్ ఎంగ్ అమెరికా ఎడారుల గిలా బల్లి విషంలో దానికి దీటైన, త్వరగా చెడని అణువును కనుగొన్నాడు. దాని ఆధారంగా 2005లో ఎక్సెనటైడు, వేరొక దారిన 2017లో వారానికొక సూదిగా సెమాగ్లూటైడు వచ్చాయి. ఈ తాళానికీ గదులు అనేకమే: క్లోమంలో ఇన్సులిన్‌ను పెంచుతుంది, మెదడులో ఆకలిని తగ్గిస్తుంది. ఇక్కడ అది చాలవరకు వరమైంది. అయితే తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడ ఉంటుంది.

తెలుగువారు ఆలోచించవలసినది ఇక్కడే. దక్షిణాసియావారికి తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది. అందుకే అమెరికా మధుమేహ సంఘం 2015 నుండి ఆసియా సంతతివారిని బీఎంఐ 23 దగ్గరే పరీక్షించమంటున్నది. ఈ సూదుల పెద్ద పరీక్షలలో పాల్గొన్నవారిలో అత్యధికులు అంతకంటె చాల స్థూలకాయులు. అసలే కండ తక్కువైనవారికి త్రాసు చూపే అంకెను విజయమనడం తొందరపాటు. సెలవులకు స్వదేశం వెళుతూ డెబ్బై ఏళ్ల తల్లికి ఈ సూదిమందు తీసుకుపోదలచిన కుమారుడు ముందు వైద్యుని సంప్రదించాలి. ఆమె చేయి ఊతం లేకుండా కుర్చీలోనుండి లేవగలదో లేదో కూడ చూడాలి.