గెడ్డ దాటే సంచి ఎంత బరువుండాలి?

వరదకో తుపానుకో ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు వీపున తగిలించుకునే అత్యవసర సంచిలో ఏమేం ఉండాలో చెప్పే జాబితాలకు కొదవ లేదు. అది ఎంత బరువుండాలో చెప్పేవి మాత్రం తక్కువ. జాబితాలో ఉన్నవన్నీ ఒక్కటీ వదలకుండా సర్దితే తూకం పన్నెండు, పదిహేను కిలోల దాకా పోతుంది. గుమ్మం ముందుకు బస్సు వచ్చే ఊళ్లో ఆ బరువుతో పేచీ లేదు. ఒడిశాలోని కొండ జిల్లాలైన రాయగడ, కొరాపుట్‌లలో సంగతి వేరు.

తీరంలో తుపాను రాక రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. 2019 మేలో ఫొని వచ్చినప్పుడు ఒడిశా ప్రభుత్వం పన్నెండు లక్షల మందికి పైగా జనాన్ని తరలించగలిగింది. కొండల్లో నీళ్లు అంత గడువివ్వవు. 2017 జూలై 16న రాయగడ జిల్లాలో కురిసిన కుండపోతకు కల్యాణి, నాగావళి నదులు ఒక్కసారిగా పొంగాయి. కల్యాణ్‌సింగ్‌పూర్ జలమయమైంది. తెరువలి–సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య ఒకటి, భాలుమస్కా–దొయికల్లు మధ్య ఒకటి, మొత్తం రెండు రైలు వంతెనలు కొట్టుకుపోయి విజయనగరం–రాయ్‌పూర్ మార్గం తెగిపోయింది. మరుసటి ఏడు అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న గజపతి జిల్లాలో, బరఘరా గ్రామంలో, వానకు కొండవాలు కింద తలదాచుకున్న వాళ్ల మీద చరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి చోట తరలింపంటే నడకే. వాలు దిగి, గెడ్డ (వాగు) దాటి, అవతలి గట్టెక్కి బడి భవనమో పంచాయతీ ఆఫీసో చేరాలి. సంచి బరువును ఆ నడకను బట్టే నిర్ణయించుకోవాలి.

కొండలెక్కేవాళ్లు ఒంటి బరువులో ఐదో వంతుకు మించి మోయవద్దంటారు. భూకంపాలకు అలవాటుపడిన జపాన్‌లో మగవారికి పదిహేను కిలోలు, ఆడవారికి పది కిలోలు అని ఒక వాడుక లెక్క ఉంది. మన దేశంలో 2020 నాటి స్కూలు బ్యాగు విధానం ప్రకారం పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఇక్కడి పెద్దలకు కూడా ఈ పదో వంతే సరైన హద్దు. నెత్తిన కట్టెల మోపుతో మైళ్లు నడిచి సంతకెళ్లే మనుషులకు పది కిలోలు ఒక లెక్కా అని ఎవరైనా అడగవచ్చు. సంతకు పోయేది పగటిపూట, ఎరిగిన దారిన. తరలింపు రాత్రి కావచ్చు, వానలో కావచ్చు, చంకన పిల్ల ఉండవచ్చు. ఉరవడి మీదున్న నీళ్లు అరడుగు లోతున్నా మనిషిని పడదోస్తాయి. యాభై కిలోల మనిషికి ఐదు కిలోల సంచి చాలు.

అన్నిటికంటే బరువైనవి నీళ్లు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, దీనికి తరుగు లేదు. అమెరికా ప్రభుత్వ సలహా ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే 3.8 లీటర్లు. మూడు రోజులకు పదకొండు కిలోలు దాటుతుంది. ఆ లెక్క ఇంట్లో నిల్వ చేసుకోవడానికి చెప్పినది. దాన్ని తెచ్చి వీపు సంచి జాబితాలో అతికించడం వల్లే సగం సంచులు కదలకుండా మూల కూర్చుంటున్నాయి. దారికి మనిషికో లీటరు చాలు. ఆ పైన కావలసింది నీళ్లను తాగేలా చేసుకునే సరంజామా: ఒక హాలోజన్ మాత్రల పట్టీ, చిటికెడు పటిక, నాలుగు మడతలు వేసిన పాత నూలు గుడ్డ. మూడూ కలిపినా యాభై గ్రాములు దాటవు. ఎర్రమట్టి కలిసిన నీళ్లలో నేరుగా మాత్ర వేస్తే మందు బురదకే ఖర్చయిపోతుంది. ముందు పటిక తిప్పి తేర్చి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత మాత్ర వేసి అరగంట ఆగాలి. మునిగి తేలిన బోరింగు నీళ్లకూ ఇదే పద్ధతి. సీసా సంగతీ చూడాలి. లీటరు పట్టే స్టీలు సీసా ఖాళీగానే మూడు వందల గ్రాముల పైన ఉంటుంది. రైల్లో కొనే మినరల్ వాటర్ సీసా ముప్పై గ్రాములు కూడా ఉండదు.

తిండిలో బరువంతా వంట వల్ల వచ్చేదే. బియ్యం పెట్టుకుంటే గిన్నె, అగ్గిపెట్టె, పొయ్యి, పుల్లలు, ఎసరుకు మళ్లీ నీళ్లు కావాలి. వాన కురుస్తుండగా బడి వరండాలో పొయ్యి అంటించడమెంత కష్టమో చేసినవారికే తెలుసు. ఒడిశాలో వరద సాయం అనగానే మొదట పంచేది చుడా, గుడ: అటుకులూ బెల్లమూ. దీన్ని మించిన పొదుపు ఏ కంపెనీ పొట్లంలోనూ లేదు. పావుకిలో అటుకులు, నూరు గ్రాముల బెల్లం, నూరు గ్రాముల వేరుశనగ గుళ్లు కలిపి తూస్తే 450 గ్రాములు. వాటిలో 1,800 కేలరీల శక్తి ఉంది, పెద్దవాళ్లకు ఒక రోజు గడుస్తుంది. అటుకుల మీద గుప్పెడు నీళ్లు చిలకరించి ఐదు నిమిషాలు ఆగితే తినొచ్చు. పళ్లు లేని ముసలివాళ్లకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిలాంటిది పావుకిలో చేరిస్తే సరి. ఆ పిండి కాక రెండు రోజుల తిండి కిలోకు లోపే తేలిపోతుంది. మూడో రోజుకు మూటకట్టుకోనక్కర్లేదు. శిబిరంలో వంట మొదలవకపోతే అది సంచి లోపం కాదు, పరిపాలన లోపం.

బట్టలు ఒక జత. జీన్సు ప్యాంటు పొడిగానే అరకిలో పైచిలుకు ఉంటుంది, తడిస్తే రెట్టింపు, రెండు రోజులైనా ఆరదు. పలుచని సింథటిక్ చీర, పాలిస్టర్ నిక్కరు లాంటివి పిండి దులిపితే చాలు. టర్కీ టవలు బదులు గమ్చా పెట్టుకుంటే ఒళ్లు తుడుచుకోవచ్చు, తలకు చుట్టుకోవచ్చు, చెయ్యి విరిగితే కట్టు కట్టొచ్చు. ఇంట్లో కోట్‌పాడ్ చీర ఉంటే అది ట్రంకు పెట్టెలోనే ఉండాలి. ఎంత అందమో అంత బరువు ఆ నూలు.

దుప్పటి ఒక్కటే కిలోన్నర దాకా తూగుతుంది. దానికి బదులు చదరపు మీటరుకు తొంభై గ్రాముల రకం ప్లాస్టిక్ టార్పాలిన్ రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవున కోయించుకుంటే 540 గ్రాములే. కింద పరుచుకోవచ్చు, పైన కప్పుకోవచ్చు. ఇలా మిగిలిన బరువులో అరకిలో దోమతెరకు ఇవ్వాలి. జాబితాలు రాసేవాళ్లకు ఇది తట్టదు. మలేరియా పాతుకుపోయిన ఈ కొండల్లో, నీళ్లు తీసిన వారానికే దోమలు లేస్తాయి. బరువు తగ్గించాలని దోమతెర వదిలి పవర్ బ్యాంకు పెట్టుకునేవాళ్లది తలకిందుల లెక్క. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు రెండు వందల గ్రాముల పైన ఉంటుంది, ఇంటికి ఒకటి చాలు. పెద్ద సెల్లులు మూడేసి పట్టే పాత స్టీలు టార్చీకి సెలవిచ్చి నుదుటికి కట్టుకునే చిన్న ఎల్‌ఈడీ దీపం తెచ్చుకుంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. జారే గట్టు మీద బరువుకంటే అదే ముఖ్యం.

కాగితాలకు ఫైలు వద్దు. ఏ4 కాగితం ఐదు గ్రాములు, ఇరవై కాగితాలైనా నూరు గ్రాములే. బరువంతా అట్టలదీ, లామినేషన్లదీ, పాత రసీదులదీ. ఆధార్, రేషన్ కార్డు డిజిలాకర్‌లో ఉన్నా టవరు పడిపోతే ఫోను తెరుచుకున్నా అవి రావు, కాబట్టి నకళ్లు ఉండాలి. భూమి పట్టా, అటవీ హక్కుల పట్టా మాత్రం అసలువే పెట్టుకోవాలి. అన్నీ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో. ఇంటివాళ్ల పేర్లు, మందులు, ఫోను నంబర్లు రాసిన చీటీ ఒకటి వేయాలి. గుణుపూర్, రాయగడ పట్టణాల్లో ఇంటి మాట తెలుగైనా సహాయక సిబ్బంది చదివేది ఒడియా గనుక ఆ చీటీ రెండు లిపుల్లోనూ ఉంటే మేలు. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా పట్టీలే చాలు, అట్టపెట్టెలు వద్దు. పట్టీ కత్తిరించేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను పారేయకూడదు.

చివరికి మిగిలింది సంచి. ఫ్రేము ఉన్న ట్రెక్కింగ్ బ్యాగు ఖాళీగానే రెండు కిలోలు. పిల్లలు వాడి వదిలేసిన స్కూలు బ్యాగు అరకిలో చిల్లర. జిప్పు పాడైతే కుట్టించుకోవడమే పని. లోపల ఒక పెద్ద పాలిథిన్ సంచి పరిచి, సామాను దాంట్లో పెట్టి మూతి ముడేస్తే తడవదు, నీళ్లలో పడినా కాసేపు తేలుతుంది. గెడ్డ దాటేటప్పుడు నడుము బెల్టు, ఛాతీ పట్టీ విప్పేసి ఉంచాలి. కాలు జారితే సంచిని వదిలేయగలగాలి.

ఇదంతా కూడితే ఐదు కిలోల లోపే. ఇంటిల్లిపాదికీ పంచేటప్పుడు టార్పాలిన్, దోమతెర, మందులు పెద్దల సంచుల్లో వేసినా నీళ్లు, ఒక పూట తిండి, చీటీ, పిలవడానికి ఒక ఈల మాత్రం ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. చీకట్లో తప్పిపోయేది మనుషులే. చంటిబిడ్డను ఎత్తుకునే తల్లికి సంచి ఇవ్వకూడదు. ఇరవై కిలోల పిల్లాడికి రెండు కిలోలు. బియ్యం, వంట సామాను, మిగతా బట్టలు అటక మీదికి. పశువుల పలుపులు విప్పేయడం కూడా సంచి సర్దడంతో పాటే అనుకోవాలి. ఆఖరి నిమిషంలో జనం వెనక్కి పరిగెత్తేది చాలాసార్లు వాటికోసమే.

తూచుకోవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే వేలాడే త్రాసు 25 కిలోల దాకా చూపిస్తుంది. తూచాక సంచి తగిలించుకుని బడిదాకా ఒకసారి నడవాలి, వీలైతే వాన పడే రోజున. ఎక్కడ ఆయాసం వచ్చిందో అక్కడే సంచి దించి ఒక వస్తువు తీసేయాలి. తుపాన్లలో ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. కాబట్టి తొలకరికి ముందొకసారి, దసరాకు ముందొకసారి సంచి విప్పి అటుకులు, వేరుశనగ గుళ్లు, సెల్లులు, గడువు దాటిన మాత్రలు మార్చుకుని, మళ్లీ తూచి, గుమ్మం పక్కన చేతికందే ఎత్తులో తగిలించాలి.