సవాల్ చదవండి, జవాబ్ తర్వాత

మన బస్తీ స్కూళ్లలో, ట్రస్టు దఫ్తర్లలో, చిన్న దుకాణాల్లో హిసాబ్ కితాబ్ ఇంకా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీదే నడిచే చోట్లు ఉన్నాయి. ఎవరో నౌజవాన్ తయారుచేసి ఇస్తాడు. తర్వాత నౌకరీ దొరికి దుబాయో బెంగళూరో వెళ్లిపోతాడు. ఒకరోజు రిపోర్ట్ తెరిస్తే ఒక డబ్బా వస్తుంది: ‘ఎంటర్ పారామీటర్ వాల్యూ’. కింద ఏదో పేరు, ఒక ఖాళీ గడి. ఓకే నొక్కితే ఇంకోటి, మళ్లీ ఇంకోటి. కంప్యూటర్ ముందున్న ఆపా తంగ్ అయిపోయి, ఏమీ రాయకుండానే ఓకే, ఓకే కొట్టేస్తుంది. రిపోర్ట్ వచ్చేస్తుంది. అందరికీ సుకూన్.

నా ఎతరాజ్ ఆ సుకూన్ మీదే.

యాక్సెస్ ఊరికే అడగదు. క్వెరీలో రాసిన ఒక పేరు దానికి టేబుల్లో దొరకలేదు. దొరకనప్పుడు అది గలతీ అని చెప్పదు. మనిషి ఇవ్వాల్సిన సంగతి అనుకుని సవాల్ వేస్తుంది. ఫీజు టేబుల్లో ‘కన్సెషన్’ అనే ఫీల్డ్ ఉందనుకోండి. క్వెరీలో ఒక ‘ఎస్’ తగ్గినా చాలు, యంత్రానికి అది వేరే పేరే. ఒక కాగజ్‌లో షేక్, ఇంకోదాన్లో షేఖ్ అని పడితే ఎంత పరేషానీయో మన ఇళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా!

ఆ గడిని ఖాళీగా వదిలేస్తే, ఫీజులోంచి కన్సెషన్ తీసేసే లెక్కలో బాకీ కాలమ్ మొత్తం ఖాళీగా వస్తుంది. అది నయం, కంటికి కనిపిస్తుంది. ఏదో ఒకటి అని 500 కొడితే ఇంకా ఖరాబ్. ఆ 500 లిస్టులోని ప్రతి బిడ్డకూ తగ్గుతుంది. రెండు వేల రాయితీ రావాల్సిన యతీమ్ బిడ్డకూ 500, ఏ రాయితీ లేని షావుకారు కొడుక్కూ 500. కాగజ్ మీద లెక్క సాఫ్‌గానే ఉంటుంది. నాఇన్సాఫీ ఎవరికీ కనిపించదు.

అందుకే ముందు క్యాన్సిల్ కొట్టండి. డబ్బాలో ఉన్న పేరును హర్ఫ్ హర్ఫ్ చదివి రాసుకోండి. మర్జ్ ఎక్కడుందో ఆ పేరే చెబుతుంది. తర్వాత రిపోర్ట్ పక్కనపెట్టి క్వెరీ ఒక్కదాన్నే నడపండి. అక్కడా అడిగితే స్పెల్లింగ్ తప్పన్నా ఉంటుంది, లేదా టేబుల్లో ఎవరో ఆ ఫీల్డ్ పేరు మార్చడమో తీసేయడమో చేసి ఉంటారు. క్వెరీ చుప్‌చాప్‌గా నడిచి రిపోర్టే అడిగితే, దాని ఫిల్టర్‌లో, ఆర్డర్ బైలో, గ్రూపింగ్‌లో, ఏదైనా టెక్స్ట్ బాక్సులో పాత పేరు మిగిలిందేమో వెతకండి. అడిగే పేరు ‘ఫారమ్స్’ అని మొదలైతే, ఆ ఫారం తెరిచి లేదేమో చూడండి. ‘గుంటూరు’ అని ఊరి పేరే అడుగుతుంటే, కోడ్‌లో దాని చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడం మరిచారన్నమాట.

కొన్ని సవాళ్లు జాయెజ్. ‘ఏ తరగతి?’ అని కావాలనే పెట్టి ఉండొచ్చు. కానీ అదే మాట రెండుసార్లు అడిగిస్తే కుసూర్ తయారుచేసినవాడిదే. ఒకే క్వెరీలో ఒకచోట ‘తరగతి’, ఇంకోచోట ‘తరగతి ఏది’ అని రాస్తే యాక్సెస్ రెండూ అడుగుతుంది. రిపోర్టుకో క్వెరీ, దాని లోపలి సబ్ రిపోర్టుకో క్వెరీ ఉండి, రెండూ విడివిడిగా అడిగినా అంతే. ఇలాజ్ సులువు. ఒక చిన్న ఫారం పెట్టి, తరగతి అక్కడ ఒక్కసారి ఎంచుకుంటే క్వెరీలన్నీ అక్కణ్నుంచే తీసుకునేలా చేయాలి. ఆ ఫారం తెరిచి ఉన్నంతసేపూ మళ్లీ అడగదు.

ఇవి చేసిచ్చే పిల్లలకు నా గుజారిష్ ఒక్కటే. మీరు వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చునేది అంతగా ఇంగ్లిష్ రాని ఆపా అని యాద్ పెట్టుకోండి. ఏ సవాల్‌కు జవాబ్ ఇవ్వాలో, దేనికి క్యాన్సిల్ కొట్టాలో ఒక కాగజ్ మీద తెలుగులో రాసిచ్చి పొండి. ఇక ‘ఓకే కొట్టమ్మా, వచ్చేస్తుంది’ అనే కమిటీ పెద్దలకు: వచ్చేది నిజమే. కానీ రేపు ఒక తల్లి ఆ కాగజ్ పట్టుకుని ‘నా బిడ్డ రాయితీ ఏది సాబ్?’ అని అడిగితే, ఆ సవాల్‌కు ఓకే బటన్ ఉండదు.